గాస్ట్రులాయిడ్ పెంచాలంటే ముందు కణాల లెక్క కుదరాలి

ఎలుక పిండం నాలుగో రోజు దాటాక గర్భాశయం గోడలో కుదురుకుంటుంది. తల ఎటు, తోక ఎటు అన్నది తేలేది ఆ తర్వాతే, అదంతా మన కంటికి అందకుండా లోపలే జరిగిపోతుంది. దాన్ని ప్లేటులో చూడటానికి నాకు తెలిసినంతలో తేలికైన దారి గాస్ట్రులాయిడ్, అంటే మూలకణాలు కలిసి పిండంలా ఎదిగే చిన్న బంతి. పిండ వికాసంపై పనిచేసే శాస్త్రవేత్త అల్ఫోన్సో మార్టినెజ్ అరియాస్ బృందం 2014లో చూపించిన పద్ధతి ఇది, మొత్తం 120 గంటల పని.

ముందు కణాలు చూసుకోండి. ఫ్రీజర్ నుంచి తీసిన ఎలుక పిండ మూలకణాలను వెంటనే వాడొద్దు, కనీసం రెండుసార్లు పాసేజ్ చేయండి (విడదీసి కొత్త ప్లేటులోకి మార్చి పెంచండి). ప్లేటు నిండా కిక్కిరిసి పెరిగినవి పనికిరావు. మైకోప్లాస్మా (కణాలకు సోకే బ్యాక్టీరియా) పరీక్ష చేయించకుండా మొదలుపెట్టొద్దు.

ట్రిప్సిన్ ఎంజైమ్‌తో విడదీశాక పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో రెండుసార్లు కడగాలి, ఎందుకంటే సీరమ్, లిఫ్ (మూలకణాలను మూలకణాలుగానే ఉంచే ప్రోటీన్) కొంచెం మిగిలినా కణాలు పాత స్థితిని వదలవు. ఒకసారి టైమ్ లేదని ఒక్కసారే కడిగి వదిలేశాను, ఐదో రోజు చూస్తే సగం వెల్స్‌లో (ప్లేటులోని చిన్న గుంటల్లో) బంతులు గుండ్రంగా అలాగే ఉన్నాయి.

ఇక లెక్క. ఒక్కో వెల్‌కి 40 మైక్రోలీటర్ల ఎన్2బీ27 మీడియంలో (సీరమ్ లేని పోషక ద్రవంలో) 300 కణాలు పడాలి, అంటే మిల్లీలీటరుకి 7,500. 96 వెల్స్‌కి 5 మిల్లీలీటర్లు కలుపుకుంటే సరిపోతుంది, దానికి 37,500 కణాలు కావాలి. కణాలు మరీ తక్కువైతే బంతి సాగదు, ఎక్కువైతే ఒక తోక రావాల్సిన చోట రెండు మొలుస్తాయి. ప్లేటు అడుగు యూ ఆకారంలో, కణాలు అంటుకోని రకం అయ్యుండాలి. పోస్తున్నంతసేపూ మీడియంని కలుపుతూనే ఉండండి, కణాలు అడుగుకి దిగిపోతే ప్లేటులో ఒక చివర బంతులు చిన్నవి, ఇంకో చివర పెద్దవి వస్తాయి.

48 గంటలకి ఒక్కో వెల్‌లో ఒకటే చక్కని బంతి కనపడాలి. అప్పుడు 3 మైక్రోమోలార్ కైర్ (CHIR99021 అనే రసాయనం) కలిపిన మీడియం 150 మైక్రోలీటర్లు పోయండి. కైర్ కణాల్లో డబ్ల్యూఎన్‌టీ (Wnt) అనే వికాస సంకేతాన్ని లేపుతుంది. 72వ గంటలో 150 తీసేసి, కైర్ లేని కొత్త మీడియం అంతే పోయాలి, 96వ గంటలో మళ్లీ. పైపెట్ టిప్‌ని వెల్ గోడకి ఆనించి నెమ్మదిగా లాగండి. ఇక్కడ తొందరపడితే నాలుగు రోజుల కష్టం టిప్‌లోకి వెళ్లిపోతుంది.

120 గంటలకి బంతి పొడుగ్గా సాగి, ఒక కొసన తోక వైపుకి గుర్తయిన బ్రాక్యూరీ జన్యువు వెలుగుతుంది. ఎటు తిరగాలో బయటి నుంచి ఎవరూ చెప్పలేదు, అన్ని వైపులా ఒకేలా ఉన్న బంతి తనంతట తానే తోక వైపు ఎంచుకుంది! ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. మెదడు భాగం మాత్రం రాదు, మాయ (ప్లాసెంటా) ఉండదు, కాబట్టి ఇది పిల్లగా ఎదిగే పిండం కాదు. 96 గంటలప్పుడు 5 శాతం మాట్రిజెల్ (కణాల చుట్టూ ఉండే ప్రోటీన్ల జెల్) కలిపితే సోమైట్లు (వెన్నెముక, కండరాలు ఏర్పడే ముద్దలు), నాడీనాళం కూడా వస్తాయని 2020లో తేలింది, కానీ ముందు మామూలు పద్ధతి చేతికి రానివ్వండి. మానవ కణాలతో చేయాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకున్నాకే.

ఫిక్స్ చేయడానికి (పరిశీలన కోసం రసాయనంతో చెడకుండా నిలపడానికి) తీసేటప్పుడు టిప్ కొన కత్తిరించి వాడండి, మామూలు టిప్‌లో తోక విరుగుతుంది.