పట్టుపురుగుల పెంపకంలో హార్మోన్ల సంకేతాలను గుర్తించడం ఎలా?

పట్టుపురుగు కుబుసం విడవడానికి ఎక్డైసోన్ అనే హార్మోన్ కారణం. విడిచాక అది మళ్లీ పురుగుగానే మిగలాలా, ప్యూపాగా (గూటిలో ఉండే, మేత తినని దశగా) మారాలా అన్నది ఆ సమయంలో దాని రక్తంలో జువెనైల్ హార్మోన్ ఉందా లేదా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. ఈ రెండూ కంటికి కనిపించకపోయినా వాటి ప్రభావం పురుగు ఒంటిమీద స్పష్టంగా తెలుస్తుంది.

ముందుగా చాకీ పురుగులను (తొలి దశల్లోని చిన్న పురుగులను) తెచ్చుకుని, లేత మల్బరీ ఆకు వేస్తూ ప్రతి జ్వరాన్నీ, అంటే కుబుసం విడిచే ముందు మేత మాని ఉండే సమయాన్నీ, గమనించండి. మెదడు నుంచి వచ్చే సంకేతంతో రొమ్ము భాగంలోని గ్రంథులు ఎక్డైసోన్ విడుదల చేయగానే పురుగు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. అప్పుడు ఆకు వేయకండి, తట్టలను కదపకండి. దాదాపు అన్ని పురుగులూ కుబుసం విడిచాకే మేత మొదలుపెట్టండి. తొందరపడి వేస్తే ముందు లేచినవి తిని పెరుగుతాయి, మిగిలినవి వెనకబడతాయి, ఆ తేడా గూళ్లు కట్టేదాకా వెంటాడుతుంది.

నాలుగు జ్వరాల తర్వాత వచ్చే అయిదో దశ అన్నిటికన్నా కీలకమైనది. మెదడు వెనకనున్న చిన్న గ్రంథుల జంట జువెనైల్ హార్మోన్ తయారీని ఈ దశలోనే తగ్గిస్తుంది. అది తగ్గితేనే తర్వాత పెరిగే ఎక్డైసోన్ పురుగును గూడు వైపు నడిపిస్తుంది. మొత్తం మేతలో నూటికి 80 వంతులకు పైగా ఈ వారంలోనే తింటుంది గనుక ఆకు కొరత రానివ్వకండి. తెల్లదోమ నివారణకు వాడే పైరిప్రాక్సిఫెన్ జువెనైల్ హార్మోన్‌లాగే పనిచేస్తుంది కాబట్టి, అది చల్లిన పొలం పక్కనున్న మల్బరీ ఆకు తింటే పురుగులు పెరుగుతూ పోయి గూడు కట్టకపోవచ్చు. హార్మోన్ల ప్రభావానికి ఎంత తక్కువ మోతాదు చాలునో తెలియాలంటే ఒక్క విషయం చాలు: 1954లో జర్మన్ శాస్త్రవేత్తలు బుటెనాంట్, కార్ల్‌సన్ 500 కిలోల పట్టుపురుగు ప్యూపాల నుంచి రాబట్టగలిగిన ఎక్డైసోన్ 25 మిల్లీగ్రాములే. అందుకే పక్క రైతు ఏ మందు కొడుతున్నాడో ముందే అడిగి తెలుసుకోవడం నా దృష్టిలో తప్పనిసరి.

పురుగు మేత మాని, ఒళ్లు పసుపు ఛాయతో పారదర్శకంగా మారి, తల ఊపుతూ తిరుగుతుంటే ఎక్డైసోన్ పెరిగిందన్నమాట. ఆలస్యం చేయకుండా చంద్రికలపైకి (పురుగులు గూళ్లు కట్టుకునే తట్టలపైకి) ఎక్కించండి. గూడు అల్లడం రెండు మూడు రోజుల్లో ముగుస్తుంది గాని, లోపల ఎక్డైసోన్ మరింత ఎక్కువగా పెరిగి పురుగు ప్యూపాగా మారడానికి ఇంకొంత సమయం పడుతుంది. ఒక గూడును జాగ్రత్తగా కోసి, ప్యూపా గోధుమరంగుకు తిరిగి గట్టిపడిందని చూసుకున్నాకే మిగతా గూళ్లు తీయండి.