కాంబోడియా ఉద్యోగమా? విమానం ఎక్కేముందు ఈ కాగితాలు చూడండి

గాజువాకలో మాది చిన్న నెట్ సెంటర్. విదేశాలకి వెళ్లే పిల్లలు టికెట్టు, వీసా ప్రింట్ల కోసం మా దగ్గరికి వస్తుంటారు. కాంబోడియా, థాయ్‌లాండ్, లావోస్ అని కనబడితే ప్రింట్ ఇచ్చేముందు కాసేపు కూర్చోబెట్టి మాట్లాడతాను. డేటా ఎంట్రీ పని అని చెప్పి మనవాళ్లని కాంబోడియా పంపి, అక్కడి చైనా ముఠాలకి అమ్మేసిన కేసు 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. అక్కడ చేయించేది ఆన్‌లైన్ మోసాలు. చేయనంటే తిండి ఆపేస్తారు, కొడతారు.

ముందు వీసా మీద ఏముందో మీరే చదవండి. టూరిస్ట్ అని ఉంటే అది ఉద్యోగానికి పనికిరాదు. ‘అక్కడికెళ్లాక మార్పిస్తాం’ అంటాడు ఏజెంటు. మార్పించేవాడు ఇక్కడినుంచే సరైన వీసా ఎందుకు ఇప్పించడు?

తర్వాత ఆఫీసు అడ్రసు. బ్యాంకాక్‌లో ఉద్యోగం అని చెప్పి, దిగాక కారెక్కించి దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో ఉన్న సరిహద్దు ఊరు మే సోట్‌కి తీసుకెళ్తారు. అక్కడ మోయి నది దాటితే మయన్మార్, ఇలాంటి మోసాల ముఠాలు అక్కడా ఉన్నాయి. 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో వందలమంది భారతీయుల్ని వెనక్కి తెచ్చింది ఆ మే సోట్ నుంచే. ‘దిగాక కారులో ఎన్ని గంటలు’ అని ఏజెంటుని అడగండి.

ఏజెంటు లైసెన్సు నంబరు అడిగి, కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో సరిచూడండి. ఆ జాబితాలో లేనివాడికి విదేశీ ఉద్యోగానికి మనిషిని పంపే హక్కు లేదు. లైసెన్సు ఉన్నవాడైనా 30,000 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ, అంటే 35,400 మించి తీసుకోకూడదు, రశీదు ఇవ్వాలి. లక్షన్నర ఫోన్‌పే చేయమన్నాడంటే ఆపేయండి. ‘మన వీధివాడే కదా’ అంటారు తల్లిదండ్రులు. తెలిసినవాడు కాబట్టే మీ గుమ్మందాకా రాగలిగాడు.

అన్నిటికన్నా నేను గట్టిగా పట్టుకునేది ఒక మాట ఉంది. ‘ఎయిర్‌పోర్టులో అడిగితే ఊరు చూడటానికి వెళ్తున్నానని చెప్పు’ అని ఏజెంటు నేర్పాడా? నేర్పితే ఇక వేరే ఏదీ చూడక్కర్లేదు, టికెట్టు క్యాన్సిల్ చేసుకోండి. పోయే డబ్బు పోనివ్వండి. చాలామంది ‘తేడా ఉంటే ఎయిర్‌పోర్టులోనే ఆపుతారు కదా’ అనుకుంటారు. పదో తరగతి పాసైనవాళ్ల పాస్‌పోర్టుకి ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే విదేశంలో పనికి వెళ్లేముందు ప్రభుత్వం ఇచ్చే అనుమతి, అక్కర్లేదు. ఆపైన పిల్లాడే టూరిస్టునని చెబితే వాళ్లకి ఎలా తెలుస్తుంది?

అన్నీ సరిగ్గానే ఉండి వెళ్తున్నా పాస్‌పోర్టు కాపీ, ఆఫర్ లెటరు, ఏజెంటు ఫొటో, డబ్బు పంపిన రుజువులు ఇంట్లో ఉంచాలి. ఆ దేశంలోని మన ఎంబసీ నంబరు అబ్బాయి ఫోన్‌లోనూ, ఇంట్లోవాళ్ల ఫోన్‌లోనూ ఉండాలి. ఒక గుర్తుమాట కూడా పెట్టుకోండి. అక్కడ ఫోన్లు లాక్కుని చూస్తారు, పక్కన నిలబడి మాట్లాడిస్తారు. అందుకని లేని చుట్టాన్ని ఒకరిని అనుకోమంటాను. ‘రాజ్యం పిన్నికి ఒంట్లో ఎలా ఉంది?’ అని అబ్బాయి అడిగాడంటే ఆపదలో ఉన్నట్టు. మీరు కంగారు పడకుండా ‘బాగానే ఉందిరా’ అనేసి ఫోన్ పెట్టి, పని మొదలుపెట్టాలి.

అప్పుడు ఏజెంటు ఇంటి మీదికి వెళ్లకండి, వాడు ఫోన్ కట్టేసి మాయమవుతాడు. కాగితాలన్నీ తీసుకుని నేరుగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి. ‘మా పరిధి కాదు’ అంటే జీరో ఎఫ్ఐఆర్ రాయమని అడగండి, ఏ స్టేషన్‌లోనైనా రాయాలి. అదే రోజు ఎంబసీకి మెయిల్ చేసి, విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు పెట్టండి. అబ్బాయి లొకేషన్, బిల్డింగ్ ఫొటో పంపగలిగితే అవే ముఖ్యం. పంపాక తన ఫోన్‌లోంచి తీసేయమనండి. విడిపించడానికి డబ్బు అడిగితే పోలీసులకి చెప్పకుండా కట్టొద్దు.

‘మీవాడు ఇష్టపడే కదా వెళ్లాడు, సంతకం పెట్టాడు’ అని ఎవరైనా అంటే తగ్గకండి. భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం మనుషుల అక్రమ రవాణా కేసులో బాధితుడి అంగీకారం లెక్కలోకి రాదు. తిరిగొచ్చిన పిల్లలు సిగ్గుతో చాట్లన్నీ చెరిపేస్తుంటారు. ఆ చాట్లే సాక్ష్యం. ఫోన్‌ని అలాగే తీసుకెళ్లి పోలీసులకి చూపించండి.