‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ని మూడో సైడులో వదిలేయకుండా వినడం ఎలా?

తిరుపతిలో రాక్ వినేవాళ్లు తక్కువేం కాదు. కాలేజీ హాస్టళ్లలో, యూనివర్సిటీ చుట్టుపక్కల అద్దె గదుల్లో గిటార్ లేని ఫ్లోర్ ఉండదు. వీళ్లకి ఎప్పుడో ఒకప్పుడు ఒక సంగతి తెలుస్తుంది. యెస్ అనే ఇంగ్లండ్ బ్యాండు 1973లో మన శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం ఆధారంగా ఏకంగా డబుల్ ఆల్బమ్, అంటే రెండు ఎల్పీ రికార్డులు, నాలుగు సైడులు, చేసిందని. దాని పేరే ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’. వెంటనే ఫోన్లో పెట్టేస్తారు. పావుగంట గడిచేసరికి వాట్సాప్ చూసుకుంటూ ఉంటారు. మూడో సైడు మొదలవగానే ఆపేసి, ‘బోర్ సామీ’ అని తీర్పు చెప్పేస్తారు. చూసి చూసి విసుగొచ్చింది. ఈ ఆల్బమ్ నచ్చకపోవడం తప్పు కాదు, సరిగా వినకుండా నచ్చలేదనడం తప్పు.

ముందు తెలియాల్సింది ఒక్కటే

ఆ ఏడాది టోక్యో హోటల్ గదిలో గాయకుడు జాన్ ఆండర్సన్ పరమహంస యోగానంద ఆత్మకథ తిరగేస్తుంటే ఒక పొడవాటి పాదసూచిక కంటపడింది. శాస్త్ర గ్రంథాలు నాలుగు రకాలని, మతం నుంచి వైద్యం, సంగీతం, శిల్పం దాకా జీవితంలో అన్నిటినీ అవి చర్చిస్తాయని అందులో ఉంది. ఆ పుస్తకం సంగతి ఆయనకి చెప్పింది కింగ్ క్రిమ్సన్ అనే ఇంకో బ్యాండులో వాయించిన జేమీ మ్యూర్, అదీ ఒక పెళ్లిలో. ఆండర్సన్, గిటారిస్ట్ స్టీవ్ హౌ కూర్చుని నాలుగు పెద్ద రచనలకి రూపం ఇచ్చారు. ఎల్పీలో ఒక్కో సైడుకి ఒక్కటి, ఒక్కోటి సుమారు ఇరవై నిమిషాలు.

అంటే వీళ్లు వేదం చదువుకుని రాసినవాళ్లు కాదు, ఒక పాదసూచిక చదివి ఉత్సాహపడి రాసినవాళ్లు. ఇది గుర్తుంటే సగం టెన్షన్ పోతుంది. వేద విశ్వవిద్యాలయం ఉన్న ఊరు మనది. ఇక్కడివాళ్లు ‘శ్రుతి అంటే ఇదా?’ అని పరీక్ష పెట్టడం మొదలుపెడితే ఆల్బమ్ మొదటి నిమిషంలోనే ఫెయిలవుతుంది. పరీక్ష పెట్టకండి.

కావాల్సినవి

చెవులు మొత్తం మూసే హెడ్‌ఫోన్స్. ఖరీదైనవి అక్కర్లేదు. మధ్యలో ప్రకటనలు రాని కాపీ. షఫుల్ ఆఫ్, ఆటోప్లే ఆఫ్. ఎనభై నిమిషాల పైచిలుకు తీరిక. అంతే.

2003లో వచ్చిన సీడీలో మొదటి రచనకి ముందు రెండు నిమిషాల అదనపు ఆరంభం చేర్చారు. మొదటిసారి వినేవాళ్లు అది లేని పాత ప్రతే వినాలి. అది నేరుగా గొంతుతోనే మొదలవుతుంది, ఆరంభం అంటే అలాగే ఉండాలి.

సమయం రాత్రి పది దాటాకే. తెల్లవారుజామున వద్దు. ఆ వేళకి వీధిలో సగం ఇళ్లలో సుప్రభాతం మోగుతుంటుంది, దానితో పోటీ పడే సంగీతం ఇంకా పుట్టలేదు. ఎండాకాలంలో గదిలో ఫ్యాన్ హోరు ఉంటుంది కాబట్టి మిద్దె మీదికి వెళ్లండి. కుర్చీ వేసుకుని కూర్చోవాలి. పడుకుని వింటే రెండో సైడులో నిద్రపోతారు, ఇందులో సందేహమే లేదు. పెరుగన్నం లాంటి తేలిక తిండి తిని కూర్చోండి, వింటూ మాత్రం ఏమీ నమలకండి. ఈ ఆల్బమ్ నడుస్తుండగా తినే హక్కు కీబోర్డులు వాయించిన రిక్ వేక్‌మన్ ఒక్కడికే ఉంది. మాంచెస్టర్ కచేరీలో విసుగెత్తి స్టేజీ మీదే ఇండియన్ కర్రీ తిన్న మనిషి ఆయన.

‘అలిపిరి మెట్లెక్కుతూ వింటే స్పిరిచువల్‌గా ఉంటుంది కదా’ అనే సలహా ఒకటి కుర్రాళ్లలో తిరుగుతోంది. దయచేసి వద్దు. దాదాపు 3,550 మెట్లు. గాలిగోపురం చేరేసరికే ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినపడదు. మోకాళ్ల పర్వతం దగ్గర ఎవరి గోవింద నామం వాళ్లది. అక్కడ చెవుల్లో ఏదో పెట్టుకుని నడిస్తే కొండా దక్కదు, ఆల్బమూ దక్కదు.

సాహిత్యం పక్కన పెట్టండి

పాటల మాటలు ఫోన్లో తెరిచి, లైను లైనుకీ అర్థం వెతుక్కుంటూ వినేవాళ్లని చూశాను. ఇది అన్నిటికంటే పనికిరాని పద్ధతి. ఆండర్సన్ చాలాచోట్ల మాటని అర్థం కోసం కాక ధ్వని కోసం ఎంచుకుంటాడు. ఇంగ్లీషువాళ్లకే అర్థం కాక ఇన్నేళ్లుగా వాదించుకుంటున్నారు, మనకెందుకు ఆ తంటా?

నా పద్ధతి వేరు, దీన్ని మించింది లేదు. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి 1963లో రికార్డు చేసిన వేంకటేశ్వర సుప్రభాతం తలుచుకోండి. సుప్రభాతం, స్తోత్రం, ప్రపత్తి, మంగళాశాసనం అని నాలుగు భాగాలు. ఈ ఊళ్లో పుట్టిన పిల్లలకి ఒక్క శ్లోకానికీ అర్థం తెలియకపోయినా నడక మారగానే భాగం మారిందని తెలుస్తుంది. ఎక్కడ వేగం పెరుగుతుందో, ఎక్కడ గొంతు మెత్తబడుతుందో చెవికే తెలుసు. నాలుగు భాగాల పెద్ద రచనని అర్థంతో పని లేకుండా పూర్తిగా వినడం మనం చిన్నప్పుడే నేర్చుకున్న విద్య. దాన్నే ఇక్కడ వాడండి.

మొదటి సైడు, రెండో సైడు

మొదటిది ‘ది రివీలింగ్ సైన్స్ ఆఫ్ గాడ్’. ఒకే స్వరం చుట్టూ తిరుగుతూ జపంలా మొదలై, గొంతులు ఒకదాని మీద ఒకటి చేరి పెరుగుతుంది. దీనికి ఏ జాగ్రత్తా అక్కర్లేదు, అదే లాక్కుపోతుంది. చివర్లో వేక్‌మన్ మూగ్ సింథసైజర్ మీద చేసే విన్యాసం వింటే, కర్రీ తిన్న మనిషేనా ఈయన అనిపిస్తుంది.

సైడు అయిపోగానే పాజ్ నొక్కి రెండు నిమిషాలు ఆగండి. ఎల్పీ రోజుల్లో రికార్డు తిరగేయడానికి పట్టే విరామం అది. ఈ రచనలు ఆ విరామాన్ని నమ్ముకుని చేసినవి. మంచినీళ్లు తాగండి. ఫోన్ చూడకండి.

రెండోది ‘ది రిమెంబరింగ్’, స్మృతి. మెలట్రాన్ అనే కీబోర్డు మేఘంలా కమ్ముకుని నెమ్మదిగా కదులుతుంది. ఇక్కడ క్రిస్ స్క్వైర్ బేస్ గిటార్‌ని పట్టుకుని వెళ్లండి, దారి తప్పరు. ఒక్క ఆల్బమ్‌కి ఎక్కువ, డబుల్ ఆల్బమ్‌కి తక్కువ సరుకు ఉండటంతో సాగదీశామని వేక్‌మన్ తర్వాత చెప్పుకున్నాడు. మరుసటి ఏడాది బ్యాండు వదిలి వెళ్లిపోయాడు కూడా. రెండో సైడు మధ్యలో ఆయన మాట నిజమే అనిపిస్తుంది. ఓర్చుకోండి. ఆ మాట మూడో సైడుకి వర్తించదు, అదే నా గొడవంతా.

మూడో సైడు

వందమందిలో తొంభై మంది పడిపోయేది ఇక్కడే. ‘ది ఏన్షియంట్’, పురాణం. తాళాలు, గంటలు, డప్పుల్లాంటి చప్పుళ్లతో మొదలవుతుంది. వాటి మీద స్టీవ్ హౌ స్టీల్ గిటార్ కీచుమంటూ వస్తుంది. పట్టుకోవడానికి రాగం దొరకదు. మధ్యమధ్య ఆండర్సన్ రకరకాల భాషల్లో సూర్యుడి పేర్లు ఒక్కొక్కటే పలుకుతాడు. మనకి పరిచయమైన శబ్దాలూ వినపడతాయి. ఇలా సుమారు పన్నెండు నిమిషాలు. తర్వాత అంతా ఆగి ఒంటరిగా ఒక స్పానిష్ గిటార్ మొదలవుతుంది. దాని వెంట మెత్తని పాట. ఆల్బమ్ మొత్తంలో అంత అందమైన చోటు లేదు.

మొదటి జాగ్రత్త: వేలితో లాగి నేరుగా ఆ గిటార్ దగ్గరికి వెళ్లకండి. అక్కడిదాకా కోసేసి, పాట ముక్కని మాత్రమే వినిపించేవాళ్లు ఉన్నారు. విడిగా వింటే అది బాగున్న గిటార్ ముక్క, అంతే. పన్నెండు నిమిషాల రభస భరించిన చెవికి అదే గిటార్ చేసే పని వేరు. ఆకలి లేనివాడికి అన్నం పెట్టి రుచి ఎలా ఉందని అడిగితే ఏం చెప్తాడు?

రెండోది వాల్యూమ్. మూడో సైడు మొదలవక ముందే రెండు మూడు గీతలు తగ్గించండి. మొదలయ్యాక తగ్గిద్దాంలే అనుకుంటే కుదరదు, స్టీల్ గిటార్ మొదటిసారి చెవిలో గుచ్చుకోగానే చెయ్యి హెడ్‌ఫోన్స్ తీసేయడానికే వెళ్తుంది. మెత్తని పాట రాగానే వాల్యూమ్ పెంచడం ఇంకా పెద్ద పొరపాటు. చివర్లో ఆ చప్పుడు మళ్లీ వస్తుంది, సిద్ధంగా లేకపోతే కుర్చీలోంచి లేస్తారు.

మూడోది తాళం. కర్ణాటక సంగీతం కాస్త నేర్చుకున్నవాళ్లకే ఇక్కడ ఎక్కువ కష్టం. చెయ్యి దానంతట అదే తొడ మీద ఆది తాళం వేస్తుంది, నాలుగు ఆవర్తాలు తిరిగేసరికి తప్పుతుంది, చిరాకు మొదలవుతుంది. సంగీత కళాశాలలో చదివిన ఒక మిత్రుడు ‘లెక్క లేని వాయింపు’ అని లేచిపోయాడు. లెక్క ఉంది, మారుతూ ఉంటుంది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చోండి. స్టీల్ గిటార్‌ని వదిలేసి, కింద ఆలన్ వైట్ వాయిస్తున్న డ్రమ్ముల మీద మనసు పెట్టండి. యెస్‌తో ఆయనకి ఇది మొదటి స్టూడియో ఆల్బమ్. అయినా ఆ పన్నెండు నిమిషాల్లో బండి పడిపోకుండా పట్టుకున్నది ఆయనే. డ్రమ్ములు వినడం మొదలుపెడితే గిటార్ కీచుదనం పైపైన ఎక్కడో ఉన్నట్టనిపిస్తుంది.

నాలుగోది, పురాణం అన్నారు కదా అని కథ వెతకొద్దు. ఇందులో దేవుడు లేడు, రాక్షసుడు లేడు, శాపం లేదు. భారతదేశం, చైనా, మధ్య అమెరికా, అట్లాంటిస్ అంటూ గతించిన నాగరికతల సంపదని తలుచుకోవడం దీని ఉద్దేశమని ఆండర్సనే ఆల్బమ్‌లో రాసుకున్నాడు. రోజర్ డీన్ గీసిన కవర్ బొమ్మలో మాయా పిరమిడ్ కూడా కనపడుతుంది. తవ్వకాల్లో దొరికిన ముక్కలు ఒక్కొక్కటీ తీసి చూస్తున్నారనుకోండి, చాలు.

ఐదోది, పక్కన ఎవరూ ఉండకూడదు. మిగతా మూడు సైడులు స్నేహితులతో విన్నా ఫరవాలేదు, ఇది మాత్రం ఒంటరిగానే. ఎవరో ఒకరు ‘ఏంది సామీ ఇది, ఇంకా ట్యూనింగ్ చేసుకుంటా ఉండారా?’ అంటారు. అందరూ నవ్వుతారు. ఆ తర్వాత ఆ సైడు మీకు ట్యూనింగ్ లాగే వినపడుతుంది, ఎప్పటికీ.

పన్నెండో నిమిషం అని చెప్పాను కదా అని టైమ్ చూస్తూ కూర్చోకండి. ఫోన్ బోర్లా పెట్టండి. ఫోన్ కాల్ వచ్చో కరెంటు పోయో మధ్యలో ఆగిపోతే, ఆగినచోట నుంచి మళ్లీ మొదలుపెట్టకండి. మూడో సైడు మొదటికి వెళ్లాలి. అంత ఓపిక లేకపోతే ఆ రాత్రికి వదిలేసి ఇంకోరోజు మొదటి సైడు నుంచి వినండి.

నాలుగో సైడు

‘రిచువల్’, తంత్రం. మొదటి సైడులో విన్న రాగాలు ఇక్కడ తిరిగొస్తాయి, గుర్తుపడితే సంతోషం. స్క్వైర్ బేస్ సోలో దాటాక, ఒక పెద్ద డ్రమ్ముల యుద్ధం వస్తుంది. కర్ణాటక కచేరీలో తని ఆవర్తనం, అంటే మృదంగం విడిగా వాయించే ఘట్టం, మొదలవగానే క్యాంటీన్‌కి వెళ్లే అలవాటున్నవాళ్లు ఇక్కడా లేస్తారు. లేవకండి. మూడో సైడు దాటినవాళ్లకి ఇది పెద్ద లెక్క కాదు. ఆ యుద్ధం తర్వాత వచ్చే నెమ్మదైన పాటకి ఇంతసేపు కూర్చున్నది వృథా కాలేదని తెలుస్తుంది.

అయిపోయాక

వెంటనే ఇంకో పాట పెట్టకండి, రివ్యూలు చదవకండి. 1973లో ఈ ఆల్బమ్ గురించి బ్రిటన్ పత్రికల్లో వచ్చిన తిట్లు ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతాయి. అవి చదివితే మీ అభిప్రాయం మీది కాకుండా పోతుంది. అదే ఆల్బమ్ బ్రిటన్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి వెళ్లిందన్న సంగతి ఆ తిట్లు రాసినవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు.

రెండోసారి వినడానికి కనీసం వారం ఆగండి. అప్పుడు 2016లో సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ చేసిన కొత్త మిక్స్, అంటే అదే పాత రికార్డింగుని వాయిద్యాల పాళ్లు మార్చి మళ్లీ కలిపింది, వినొచ్చు. అందులో వాయిద్యాలు విడివిడిగా తెలుస్తాయి, ముఖ్యంగా మూడో సైడులో డ్రమ్ములు. మొదటిసారికి మాత్రం పాత మిక్సే. కొత్తదాంట్లో అన్నీ స్పష్టంగా వినపడతాయి కాబట్టి అదే మేలని వాదించేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట వినకండి. రెండోసారి కూడా మొదటి సైడు నుంచే మొదలుపెట్టాలి. మూడో సైడు ఒక్కటే విడిగా వినే అనుమతి మూడోసారి నుంచి.