కొత్త ఊళ్లో రూమ్ తీసుకునే ముందు

కాలేజీ తెరిచే రోజు దగ్గరపడేకొద్దీ టెన్షన్‌లో ఏదో ఒక రూమ్ ఖాయం చేసేస్తారు. ఆగి ఇవి చూసుకోండి.

– ఇల్లు చూడకుండా అడ్వాన్స్ పంపొద్దు. "ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, ఇవాళే టోకెన్ వేసేయండి" అన్నారంటే అనుమానించాల్సిందే, ఎందుకంటే ఆ ఫొటోలు వేరే ప్రకటనలోంచి ఎత్తేసినవి కావచ్చు (ఇమేజ్ సెర్చ్ చేస్తే చాలాసార్లు దొరికిపోతారు). వెళ్లలేకపోతే అక్కడున్న సీనియర్‌ని పంపండి. అదీ కుదరకపోతే లైవ్ వీడియో కాల్‌లో వీధి గుమ్మం దగ్గర్నుంచి బాత్రూం కుళాయి దాకా చూపించమనండి, ఏదో సాకు చెప్పి తప్పించుకుంటే వదిలేయండి.

– డబ్బు తీసుకునేది ఓనరేనా? అద్దెకున్నవాళ్లే చెప్పాపెట్టకుండా ఇంకొకరికి ఇచ్చేస్తుంటారు, తర్వాత ఖాళీ చేయాల్సింది మీరే.

– చీకటి పడ్డాక ఆ దారిలో ఓసారి నడవండి. పగటి సందడి రాత్రి ఉండదు.

– బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉంటే ఆ రూమ్ వద్దు. దాన్నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

– తాళం మార్పించండి, పాతవాళ్ల దగ్గర ఇంకో తాళంచెవి ఉండొచ్చు.

– దిగిన రోజే మరకలు, పగుళ్లు వీడియో తీసి ఓనర్‌కి పంపండి. లేకపోతే డిపాజిట్‌లో కోత పడుతుంది.