పిల్లలతో రసాలు, ముంజలు: ముందు చొక్కాలు విప్పించండి

రసాలు, అంటే జుర్రుకుని తినే మామిడిపండ్లు, తెచ్చిన వెంటనే పిల్లల చేతికి ఇచ్చేయకండి. బకెట్ నీళ్లలో ఓ గంట నానబెట్టి, ముచ్చిక దగ్గరి సొన పోయేలా బాగా కడగాలి, లేదంటే మూతి చుట్టూ మంట, దద్దుర్లు, ఆపైన రాత్రంతా మనకు టెన్షన్. కార్బైడ్ అనే రసాయనంతో మగ్గబెట్టడం నిషేధమే అయినా వాడేవాళ్లు వాడుతూనే ఉన్నారు, అందుకే సీజన్ మొదట్లోనే బుట్టంతా ఒకే పసుపు రంగులో మెరిసిపోతుంటే నేనైతే కొనను. కాస్త గట్టి కాయలు తెచ్చి ఎండుగడ్డిలోనో బియ్యం డబ్బాలోనో పెట్టి, రోజూ వాసన చూసే పని పిల్లలకే అప్పజెప్పండి, మనకన్నా ముందే పసిగడతారు.

తినేటప్పుడు పండును రెండు అరచేతుల మధ్య మెల్లగా పిసకమనండి. లోపల టెంక కదులుతున్నట్టు తెలిశాక ముచ్చిక దగ్గర మీరే చాకుతో కోసి, మొదటి రెండు చుక్కలు పిండి పారేసి ఇస్తే, ఇక జుర్రుకోవడమే. మామిడి మరక ఓ పట్టాన వదలదు, కాబట్టి చొక్కాలు విప్పేసి బాల్కనీలో పాత దుప్పటి పరవండి.

ముంజలు మాత్రం లేతవే అడగండి, వేలితో నొక్కితే మెత్తగా ఉండాలి. ముదురువి తింటే కడుపునొప్పి. పైపొర వగరు, పిల్లలు ఊసేస్తారు, వలిచి ఇవ్వండి. ఐదేళ్లలోపు వాళ్లకు గొంతుకు అడ్డం పడకుండా చిన్న ముక్కలు చేయాల్సిందే. కోసేది గిన్నె మీదే కోయండి, లోపలి నీళ్ల కోసమే అసలు గొడవంతా.