మిల్లు పనిలో జాగ్రత్తలు – 3వ పాఠం: తాళం వేశాకే చెయ్యి పెట్టడం

పోయిన పాఠంలో మీ మిల్లులో బెల్టు పుల్లీ మీదికెక్కే చోటల్లా సుద్దతో గీత పెట్టమన్నాను. ఇప్పుడు ఆ గీతలున్న చోటే చెయ్యి పెట్టాల్సి వస్తే ఏం చెయ్యాలో చూద్దాం. ఉదాహరణకి ఎలివేటర్ చాలు, అంటే బెల్టుకి వరసగా బిగించిన బకెట్లతో ధాన్యాన్ని పైకెత్తే యంత్రం. ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు రైస్ మిల్లుల్లో పనిచేసేవాళ్లకి దాని సంగతి చెప్పక్కర్లేదు. తడి ధాన్యం, గడ్డిపోచలు, గోనెసంచి పురికొస కలిసి అడుగు పెట్టెలో చోకైపోతాయి. ఎవరో ఒకరు వంగి చేత్తో తీస్తారు.

ముందు ఒక చిన్న లెక్క. మోటారు ప్లేటు మీద 1440 అని ఉందనుకోండి. నిమిషానికి 1440 చుట్లంటే సెకనుకి 24. ఆరంగుళాల పుల్లీ అయితే దాని మీది బెల్టు సెకనుకి 11 మీటర్లకు పైగా పరిగెడుతుంది. కన్ను చూసి చెయ్యి వెనక్కి లాగేసరికి పావు సెకను ఎటూ పడుతుంది. ఈలోపు పుల్లీ ఆరు చుట్లు తిరిగేస్తుంది. "నేను చురుకైనోణ్ణిలే" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

ఇక ఎర్ర బటన్. స్టార్టరులో ఒక కాయిల్ ఉంటుంది. పచ్చ బటన్ నొక్కితే అది కాంటాక్టులను లాగి పట్టుకుంటుంది, ఎర్రది నొక్కితే వదిలేస్తుంది. అంతకుమించి ఎర్ర బటన్ చేసేదేమీ లేదు. మూడు ఫేజులూ స్టార్టరు దాకా వచ్చి కూర్చునే ఉంటాయి. ఎవరి వేలో, మోచెయ్యో పచ్చ బటన్‌కి తగిలితే చాలు. కాంటాక్టులు మాడి అతుక్కుపోయి ఉంటే, ఎర్రది నొక్కినా మోటారు ఆగదు.

కరెంటు పోయినప్పుడు సంగతి ఇంకా తేడా. కాయిల్ బాగున్న స్టార్టరు కరెంటు పోగానే వదిలేస్తుంది, వచ్చాక తనంతట తాను పట్టుకోదు. కానీ పచ్చ బటన్‌లో అగ్గిపుల్ల గుచ్చిన స్టార్టర్లు, ఆటోలో పెట్టినవి, స్టార్టరే లేకుండా మెయిన్ నుంచి నేరుగా కలిపిన చిన్న మోటార్లు మీరూ చూసే ఉంటారు. లైను రాగానే అవి వాటంతటవే లేస్తాయి. కరెంటు పోతే మిల్లంతా సద్దుమణుగుతుంది, ఖాళీగా ఉన్నాం కదా, ఈలోగా చోకు తీసేద్దాం అనిపిస్తుంది. మిల్లు తిరుగుతున్నప్పటికంటే ఈ పదినిమిషాలకే నేను ఎక్కువ భయపడతాను. తిరుగుతున్న బెల్టు దగ్గర మనిషి కాస్తయినా జంకుతాడు. ఆగిన బెల్టు దగ్గర ఆ జంకు ఉండదు.

జనరేటర్ ఉన్న మిల్లులో మరో చిక్కుంది. మీరు లైను వైపు మెయిన్ దింపి తాళం వేశారు, ఇంకొకరు చేంజోవర్ (లైను నుంచి జనరేటర్‌కి మార్చే స్విచ్చు) తిప్పి జనరేటర్ ఎక్కించారు. మీ తాళం ఎక్కడిదక్కడే ఉంటుంది, ఎలివేటర్ మాత్రం తిరుగుతుంది. అందుకని తాళం పడాల్సింది చేంజోవర్ దాటాక, ఆ యంత్రానికి విడిగా ఉన్న స్విచ్చుకి.

ఇప్పుడు పని. వీలైతే ధాన్యం పోయడం ఆపి, బకెట్లు ఖాళీ అయ్యాక ఎర్ర బటన్ నొక్కండి. మిల్లు డ్రైవరుకీ, పైఅంతస్తులో ఉన్నవాళ్లకీ దగ్గరికెళ్లి చెప్పండి. కేక వేసి చెప్పొద్దు. పైనుంచి "మావా, వేసీమంటావేటి?" అని అరిస్తే కిందివాడు "ఆగు" అంటాడు. బ్లోయర్ మోతలో అది "ఆఁ" లా వినిపిస్తుంది. తర్వాత ఎలివేటర్ మెయిన్ దింపి, హ్యాండిల్ దగ్గరున్న రంధ్రంలో తాళంకప్ప వెయ్యండి. రంధ్రం లేకపోతే మెయిన్ దింపాక మూడు ఫ్యూజులూ ఎలక్ట్రీషియన్ చేత తీయించి మీ దగ్గరే ఉంచుకోండి. ఒక్కటి తీస్తే సరిపోదు. తాళంచెవి మీ జేబులోనే ఉండాలి. డ్రైవరు దగ్గరా వద్దు, మేకుకీ తగిలించొద్దు. ముగ్గురు పనిచేస్తుంటే మూడు తాళాలు పడాలి, ఎవరి చెవి వాళ్ల దగ్గరే.

తాళానికి ఒక అట్టముక్క కట్టండి. "నడపొద్దు" అని తెలుగులో, "చలాంతు నాహి" అని ఒడియాలో రాసి, ఎర్రరంగుతో అడ్డంగా చాపిన అరచెయ్యి బొమ్మ వెయ్యండి. కళాసీల్లో రెండు లిపులూ చదవని సవరవాళ్లూ ఉంటారు.

ఇంకా చెయ్యి పెట్టొద్దు. మనుషులందరూ దూరంగా ఉన్నారని చూసుకుని, పచ్చ బటన్ ఒకసారి నొక్కి చూడండి. మోటారు కదిలిందంటే మీరు తాళం వేసింది వేరే స్విచ్చుకి. పాత మిల్లుల్లో బోర్డు మీది పేర్లు మారిపోవడం మామూలే. వైరింగు పని కూడా ఉంటే టెస్ట్ లాంపుతో చూడటం ఎలక్ట్రీషియన్ వంతు. ముందు కరెంటున్న చోట లాంపు వెలుగుతోందా, తర్వాత ఇక్కడ మూడు ఫేజుల్లోనూ ఆరిందా, మళ్లీ కరెంటున్న చోట వెలుగుతోందా అని చూడాలి. మధ్యలో లాంపే పాడైతే ఆరిందనుకుని మోసపోతాం.

కరెంటు పూర్తిగా తెగినా ఎలివేటర్‌లో ఇంకో బలం మిగిలి ఉంటుంది. చోకై హఠాత్తుగా ఆగినప్పుడు ఎక్కే వైపు బకెట్లు నిండుగా, దిగే వైపువి ఖాళీగా ఉంటాయి. ఒక్కో బకెట్లో అరకిలో ధాన్యమే అనుకున్నా, 60 బకెట్లకి 30 కిలోలు ఒకే వైపు వేలాడుతుంటాయి. మీరు కింద అడ్డుపడ్డ పురికొస లాగగానే బెల్టు జర్రున వెనక్కి తిరుగుతుంది, వేళ్లు బకెట్ అంచుకీ పెట్టె గోడకీ మధ్య పడతాయి. అందుకని ముందు పై పుల్లీని గొలుసుతో గట్టిగా కట్టాలి. తర్వాత అడుగు పలక తీసి ధాన్యం జారనివ్వండి. మిగిలింది ఇనప కొక్కెంతో లాగండి. వేళ్లతో పని చివర్న మాత్రమే.

మళ్లీ నడిపేటప్పుడు గొలుసు విప్పి, పలకలు బిగించి, మనుషుల్ని లెక్కపెట్టి, ఎవరి తాళం వాళ్లే తియ్యాలి.

లైన్ షాఫ్టుతో (అన్ని యంత్రాలనీ తిప్పే ఒకే పొడవాటి ఇరుసుతో) నడిచే పాత హల్లర్లలో బెల్టుని బిగి పుల్లీ మీంచి, ఇరుసుని తిప్పకుండా ఊరికే తిరిగే వదులు పుల్లీ మీదికి నెట్టి "ఆపేశాం" అంటారు. అది మెల్లగా జరిగి మళ్లీ బిగి పుల్లీ ఎక్కగలదు. మోటారు దింపకుండా దాన్ని ముట్టుకోకండి.

ఇదంతా అతి జాగ్రత్త అనే యజమానికి 1948 ఫ్యాక్టరీల చట్టం ఏమందో చూపించండి. 2025 నవంబరులో దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది, పాత చట్టంలో ఉన్నవి ఇవి. బెల్టు అలా జరగకుండా ఏర్పాటుండాలని 24వ సెక్షన్ చెప్పింది. పొరపాటున ఆన్ అయ్యే స్విచ్చుకి తాళం ఏర్పాటుండాలని 1976 సవరణలో అదే సెక్షన్‌లో చేర్చారు. తిరుగుతున్న యంత్రం దగ్గరికి వెళ్లేవాడు ఒంటికి అతుక్కుని ఉండే బట్టలు వేసుకోవాలంది 22వ సెక్షన్. లుంగీ, భుజం మీద తువ్వాలు ఆ లెక్కలోకి రావు. తిరుగుతున్న షాఫ్టుల్ని ఆడవాళ్ల చేత తుడిపించకూడదని కూడా అందులోనే ఉండేది. తవుడు ఊడ్చే పని ఎవరికి అప్పగిస్తున్నారో, అప్పుడు మిల్లు ఆపుతున్నారో లేదో ఓసారి గమనించండి.

ఈ వారం అభ్యాసం: మీ మిల్లులో ప్రతి మోటారుకీ కరెంటు ఎక్కడెక్కడి నుంచి రాగలదో ఒక కాగితం మీద గియ్యండి, జనరేటర్‌తో సహా. తాళం రంధ్రం లేని స్విచ్చుల పక్కన సున్నా చుట్టండి. వచ్చే పాఠంలో ఆ కాగితం పట్టుకుని, బెల్టులకి జాలీ గార్డులు ఏ కొలతల్లో చేయించాలో చూద్దాం.