లార్జ్ ఫార్మాట్ కలర్ ఫిల్మ్ షీట్లు కడిగించడానికి పోస్టులో ఏ ల్యాబ్‌కి పంపాలి

కిందటేడు అమ్మ గుంటూరు నుంచి మా దగ్గరికి టెక్సస్ వచ్చినప్పుడు పెరట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టి 4×5 అంగుళాల పోర్ట్రా 160 (కొడాక్ కలర్ నెగటివ్ ఫిల్మ్) మీద రెండు షీట్లు తీశాను, రెండిటికీ ఒకటే ఎక్స్‌పోజర్. ఒకటి ల్యాబ్‌కి పంపి ఇంకోటి ఫ్రిజ్‌లో దాచాను. కడిగి వచ్చిన నెగటివ్‌ని లైట్ టేబుల్ మీద పెట్టి లూప్ అనే చిన్న భూతద్దంతో చూస్తే భుజం దగ్గర మొదలై చీర కుచ్చిళ్ళ దాకా వెంట్రుకంత సన్నటి గీత, అదీ ఎమల్షన్ వైపు, అంటే బొమ్మ పడే పూత ఉన్న వైపు. అప్పటికి అమ్మ ఊరెళ్ళిపోయింది. రెండో షీట్ వేరే ల్యాబ్‌కి పంపితే శుభ్రంగా వచ్చింది, ఆ ప్రింటే ఇప్పుడు హాల్లో ఉంది. అందుకే ఏ ల్యాబ్ మంచిదని ఎవరైనా అడిగితే ముందు నేను చెప్పేది, రేటు తర్వాత చూద్దురుగాని, షీట్‌ని ఏ మెషిన్‌లో కడుగుతారో, దాన్ని ఎలా పట్టి ఉంచుతారో కనుక్కోండి.

మామూలు మినీల్యాబ్ మెషిన్లు 35 ఎంఎం, 120 రోల్స్ కోసం పెట్టినవి, వాటిలో షీట్లు కడగరు. షీట్లకి ఎక్కువగా ఉండేవి మూడు పద్ధతులు. డిప్ అండ్ డంక్ అంటే షీట్‌ని హ్యాంగర్‌కో క్లిప్పులకో తగిలించి నిలువుగా ఒక ట్యాంకులోంచి ఇంకో ట్యాంకులోకి ముంచుతూ పోవడం, బొమ్మకి ఏదీ తగలదు, మహా అయితే మూలల్లో క్లిప్పు గుర్తు పడుతుంది. రెండోది జోబో కంపెనీ మెషిన్, డ్రమ్ములో షీట్లు పెట్టి తిప్పుతారు, 3010 మోడల్ డ్రమ్ములో 4×5 పది పడతాయి, 3005లో 8×10 అయిదు పడతాయి. జాగ్రత్తగా చేసే చిన్న ల్యాబ్ అయితే ఇది చాలా బావుంటుంది. మూడోది రోలర్ల మధ్య నుంచి షీట్ వెళ్ళే మెషిన్, రోలర్లు శుభ్రంగా ఉంటే ఇబ్బంది లేదు, లేకపోతే నాకు పడ్డట్టే గీత పడుతుంది. నేనైతే మొదటి రెండిట్లో ఏదో ఒకటి ఉన్న ల్యాబ్‌కే పంపుతాను.

తర్వాత అడగాల్సింది కలర్ షీట్లు వారానికి ఎన్నిసార్లు నడుపుతారు, కంట్రోల్ స్ట్రిప్ (ప్రాసెస్ సరిగ్గా ఉందో చూసే పరీక్ష ఫిల్మ్ ముక్క) వేసి, ఫిల్మ్ చిక్కదనం కొలిచే డెన్సిటోమీటర్‌తో కొలుస్తారా అని. కలర్ నెగటివ్ కడిగే సి-41 ప్రాసెస్‌లో డెవలపర్ 37.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర 3 నిమిషాల 15 సెకన్లు, అటూ ఇటూ 0.15 డిగ్రీ కంటే తేడా రాకూడదు, కెమికల్ వాడకం లేక ట్యాంకులో ఊరికే ఉండిపోతే కూడా రంగు మారిపోతుంది కాబట్టి పని బాగా నడిచే ల్యాబే నయం. స్లైడ్ ఫిల్మ్ అంటే ఇ-6 అయితే ఇంకా జాగ్రత్త, నెగటివ్‌లో చిన్న తేడా వస్తే స్కానింగ్‌లో సర్దుకోవచ్చు గానీ స్లైడ్‌లో ఉన్నది ఉన్నట్టే కనిపిస్తుంది. వచ్చిన స్లైడ్‌కి హోల్డర్ (కెమెరాలో షీట్‌ని పట్టి ఉంచే చట్రం) కింద వెలుతురు తగలని అంచు చూడండి, అది చిక్కటి నలుపులో ఉండాలి, ఆకుపచ్చగానో గోధుమ రంగుగానో తేలిందంటే ప్రాసెస్ సరిగ్గా జరగలేదేమో అని అనుమానించాల్సిందే. నెగటివ్‌లో అయితే ఆకాశం లాంటి నున్నటి చోటు చూడండి, అంచుల దగ్గర చారలు ఉంటే కెమికల్ సమంగా కదల్లేదని అర్థం.

ఏ ల్యాబ్‌కైనా మొదటిసారి మొత్తం పంపొద్దు. ఊరికే పెరట్లో చెట్టుకో గోడకో రెండు షీట్లు తీసి అవి పంపండి, ముఖ్యమైన బొమ్మలు రెండేసి తీసి సగం సగం పంపండి. ఖర్చు ఎక్కువే, తెలుసు, కానీ మళ్ళీ తీయలేని బొమ్మ పోతే ఏ ల్యాబూ ఇవ్వలేదు, వాళ్ళు ఇచ్చేది మహా అయితే కొత్త ఫిల్మ్ డబ్బులు.

ప్యాకింగ్‌కి ఫిల్మ్ వచ్చిన పాత డబ్బానే వాడండి, ఒకదాంట్లో ఒకటి దూరే మూడు మూతల డబ్బా, ఖాళీవి పారేయకుండా దాచుకోండి. చీకట్లో షీట్‌ని నిలువుగా పట్టుకుంటే నాచ్ (అంచున ఉండే చిన్న గంటు) పై కుడి మూలన వేలికి తగలాలి, అప్పుడు ఎమల్షన్ మీ వైపు ఉన్నట్టు, అన్నీ అలాగే ఒకే వైపు పేర్చి నల్ల కవర్లో పెట్టి మడిచి, అటూ ఇటూ అట్టముక్కలు పెట్టి మూత వేసి టేపు చుట్టండి. హోల్డర్లతో సహా పంపొద్దు. పుష్ చేయాల్సిన (మామూలు కంటే ఎక్కువసేపు డెవలప్ చేయాల్సిన) షీట్లు వేరే డబ్బాలో పెట్టండి, డబ్బా మీద ఫిల్మ్ పేరు, ఎన్ని షీట్లు, సి-41 ఆ ఇ-6 ఆ, పుష్ ఎన్ని స్టాప్‌లు, 'ఎక్స్‌పోజ్ అయింది, చీకట్లోనే తెరవండి' అని పెద్ద అక్షరాలతో ఇంగ్లీషులో రాయండి, అదే వివరం లోపల చీటీ మీద కూడా పెట్టండి. కడిగాక ఒక్కో షీట్ విడి స్లీవ్‌లో, గట్టి అట్టల మధ్య పంపమని కూడా ఆ చీటీలోనే అడగండి. పార్సెల్ మాత్రం సోమవారమే వేయండి, శుక్రవారం వేస్తే శని ఆదివారాలు ఏ గోడౌన్‌లోనో ఎండకి ఉడికిపోతుంది, టెక్సస్ వేసవిలో మరీను.